సున్నం కింద మాట

"గురువారం పొద్దుటికి ఆ గోడ మీద ఒక్క అక్షరం కనిపించకూడదు," అన్నాడు మేనేజరు.

పెయింటరు పార్టీ ఆఫీసు ముందు నిచ్చెన మీద ఉన్నాడు. బోర్డు మీద గంట గుర్తుకి పసుపు రంగు నింపుతున్నాడు. కింద నిలబడ్డ మేనేజరు ఎమ్మెల్యే గారికి కుడిభుజం, అవసరమైతే ఎడమ భుజం కూడా. చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లుంటాయి. ఆ రెండింటి మధ్య దొరికిన ఖాళీలో ఎదుటి మనిషి సంగతి తేల్చేస్తుంటాడు.

"ఏ గోడండీ?" అన్నాడు పెయింటరు, తెలిసే.

"అలాంటి గోడలు ఊళ్ళో ఎన్నున్నాయోయ్? మీ అక్క గోడ."

పెయింటరు కుంచె అంచు డబ్బాకి ఒత్తి, కారుతున్న రంగు తీశాడు. స్టేషను వీధి మలుపులో వాళ్ళక్క ఇస్త్రీ కొట్టు ఉంది. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. ఆ వీధి గోడ మీద ఎమ్మెల్యే గారి రాజకీయ జీవితమంతా ఉంది. ఆరు ఎన్నికలకి ఆరు వరుసలు, అన్నీ నీలం నూనె రంగులో పెయింటరు చేతి రాతే. వాటిలో అయిదు గెలుపులు, ఒక ఓటమి. అందుకే జనం ఆయన్ని చాటుగా 'అయిదుసార్లు' అంటారు. "అయిదుసార్లు ఈ నెలలో మన వీధికి ఒక్కసారీ రాలేదు" అని నవ్వుకుంటారు.

ఆ వరుసలతో మేనేజరుకి పేచీ లేదు. పేచీ వాటి కింద నడుమెత్తున ఉన్న మాటతో. మొదటి ఎన్నికలప్పుడు రాసిన మాట అది: 'ఈ వీధిలో ఒక్క గడప కూడా కదలదు. ఇది నా మాట.' దాని పక్కనే ఎమ్మెల్యే గారు స్వయంగా పెట్టిన సంతకం.

"నామినేషన్ ఊరేగింపు ఆ వీధిలోంచే పోతుంది," అన్నాడు మేనేజరు. "కెమెరాల వాళ్ళంతా వెనకే ఉంటారు. రోడ్డు వెడల్పు చేయడానికి ప్రతి గడపకీ ఎర్ర నంబరు వేసి ఉంది. మధ్యలో 'ఒక్క గడప కూడా కదలదు' అని సార్ సంతకం. రెండూ ఒక్క ఫొటోలో పడితే మన గతేంటి?"

"మా అక్క ఒప్పుకోదండీ."

"మీ అక్క గడప నంబరెంత?"

"పద్నాలుగు."

"గోడ తెల్లబడితే రోడ్డు గీత మీ అక్క గడపకి రెండు గజాలు అవతలికి జరుగుతుంది. కొలతలన్నాక అటూ ఇటూ అవుతుంటాయి. తెల్లబడకపోతే పద్నాలుగో నంబరు ఒకటో నంబరవుతుంది. ఓట్లు పడ్డ మర్నాడే కూల్చే యంత్రం మీ అక్క గుమ్మంలో ఉంటుంది. నేను బెదిరించడం లేదు, ఉన్నది చెబుతున్నాను." ఒక ఫోను మోగింది. "ఆ, చెప్పండి సార్," అంటూ మేనేజరు నడిచిపోయాడు.

పెయింటరు గంటకి నాలుక గియ్యడం మర్చిపోయి నిచ్చెన దిగాడు. ఆఫీసు కుర్రాళ్ళెవరో చూసి, "మూగ గంటేంటి మాస్టారూ?" అంటే మళ్ళీ ఎక్కాడు.

అక్క ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరిదో తెల్ల చొక్కా కాలరు ఒత్తుతోంది. ఆమె పనిలో ఉన్నప్పుడు మాట్లాడితే సగమే వింటుందని, ఆ సగం చాలునని పెయింటరు గబగబా చెప్పేశాడు. పెట్టె ఆగింది.

"ఏమన్నావు?"

మళ్ళీ చెప్పాడు. రెండు గజాల సంగతి ఈసారి ముందు చెప్పాడు.

అక్క పెట్టెని నిలబెట్టింది. బయటికొచ్చి, తన గడప పైన ఎర్రగా ఉన్న పద్నాలుగు వంక చూసింది. ఎదురుగా దర్జీ గడప మీద పదిహేను ఉంది. దర్జీ మెడలో టేపు వేసుకుని, అద్దాలు ముక్కు మీదికి జార్చి ఇటే చూస్తున్నాడు.

"మొత్తం ఎన్ని నంబర్లురా?"

"ఇరవై రెండు."

"ఇరవై ఒక్క గడపలు పోయి నాదొక్కటే మిగిలిందనుకో. బట్టలెవరు తెస్తారు? గాలికి ఇస్త్రీ చెయ్యనా?"

"ముందు నీ ఇల్లు నిలబడాలి కదే అక్కా."

"ఆ మాట అక్కడుంటేనేరా ఇల్లు నిలబడేది. కొలతల వాళ్ళు మూడుసార్లొచ్చారు. మూడుసార్లూ ఆ సంతకం చూసి, పెద్దాయన్ని అడిగి వస్తామని పోయారు. చెరిగిపోయాక వాళ్ళకి అడ్డేముంది?"

పెయింటరుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజానికి కోపం మేనేజరు మీద రావాలి, అక్క మీద వచ్చింది. "నువ్వు ఒకటో నంబరైతే నేనే చూడాల్సొస్తుంది. నేను చూడలేను," అన్నాడు గట్టిగా.

అక్క లోపలికెళ్ళింది. కాలరు మీద నీళ్ళు చిలకరించి, తలెత్తకుండా చెప్పింది. "రాసింది నువ్వు, తుడిచేదీ నువ్వే. చేతులు నీవి. నన్నడక్కు."

మంగళవారం పొద్దున్నే సున్నం బకెట్టుతో వచ్చాడు. రాత్రే నీళ్ళలో నానేసి, పల్చటి గుడ్డలో వడకట్టి, చిటికెడు నీలం కలిపాడు. సంచిలో గరుకు కాగితం ఉంది, జిగురు పొడి ఉంది. నూనె రంగుతో రాసిన అక్షరాల మీద సున్నం వేయాలంటే ముందు గరుకు కాగితంతో ఆ నునుపు పోయేదాకా రుద్దాలి, తర్వాత సున్నంలో జిగురు కలపాలి. లేకపోతే గోడ మీద సున్నం గోడ మీదే ఉంటుంది, అక్షరాల మీద సున్నం మాత్రం ఎండగానే రాలిపోతుంది. పనిలో చేరిన మొదటి నెలలో ప్రతివాడూ ఈ తప్పు చేసి తిట్లు తింటాడు. రెండో నెలలో చెయ్యడు.

గరుకు కాగితం నాలుగు మడతలు పెట్టి, పై వరుస మీద ఆనించాడు. నిచ్చెన గుర్తు, దాని పక్కన ఒక పేరు. ఆ మొదటి ఎన్నికలో ఎమ్మెల్యే గారు ఏ పార్టీకీ చెందని మనిషి. గోడకి సున్నం కొట్టేటప్పుడు బకెట్టు కూడా ఆయనే మోశాడు, మోకాళ్ళ దాకా తెల్లబడి. 'అక్షరాలు కూడా దీంతోనే రాసెయ్యొచ్చుగా, నీలం కలిపి? ఆ డబ్బా రంగెందుకు?' అని అడిగాడు. 'నీళ్ళ రంగు వానొస్తే పోతుంది. నూనె రంగు గోడ పడేదాకా ఉంటుంది,' అన్నాడు పెయింటరు. 'అయితే నా మాట నూనె రంగులో ఉండాలోయ్!' అని కుంచె లాక్కుని, కలం పట్టుకున్నట్టు పట్టుకుని, సంతకం గీశాడు. అక్షరాలన్నీ వెనక్కి వాలి, ఎండలో నిలబడ్డ తాగుబోతుల్లా ఉన్నాయి. అక్క గుమ్మంలో నిలబడి పడీపడీ నవ్వింది. ఆ సంతకం మీద మాత్రం ఎవరినీ ఇంతవరకు చెయ్యి వెయ్యనివ్వలేదు.

రెండో వరుసలోనూ నిచ్చెనే. అది ఓడిపోయిన ఏడాది. మూడు, నాలుగు వరుసల్లో గొడుగు. అయిదు, ఆరు వరుసల్లో గంట. నిచ్చెన ఎక్కి, గొడుగు కింద చేరి, గంట కొట్టాడని దర్జీ ఎప్పుడూ అనే మాట పెయింటరుకి గుర్తొచ్చింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

గరుకు కాగితం ఇంకా చేతిలోనే ఉంది. ఒక్కసారి కూడా రుద్దలేదు.

వీధి అటూ ఇటూ చూశాడు. తర్వాత కాగితాన్ని మడత విప్పి, సాపు చేసి, సంచిలో అడుగున పెట్టాడు. జిగురు పొట్లం దాని మీద పెట్టాడు. కుంచె బకెట్టులో ముంచి, పైనుంచి కిందికి లాగాడు. ముప్పై ఏళ్ళ పనిలో తెలిసి తెలిసి పాడుపని చెయ్యడం ఇదే మొదలు. చేతికి అలవాటు లేక, మాటిమాటికీ సంచి వైపు పోతోంది.

అక్క గుమ్మంలోకి వచ్చింది. బకెట్టు చూసింది. నేల చూసింది. రుద్దితే నీలం పొడి రాలాలి. నేల శుభ్రంగా ఉంది. తమ్ముడి మొహం వంక ఒక్క క్షణం చూసి లోపలికి పోయింది. కాసేపటికి టీ గ్లాసు తెచ్చి కిటికీలో పెట్టింది.

సాయంత్రానికి రెండు పూతలు పడ్డాయి. గోడ పెళ్ళికూతురి చీరలా మెరిసిపోతోంది. మేనేజరు వచ్చి చూసి, "అలా ఉండాలి," అన్నాడు. వెనకే తెల్లకారు ఆగింది.

ఎమ్మెల్యే దిగాడు. ఆయన వస్తాడని పెయింటరు అనుకోలేదు. మోకాళ్ళు నొప్పేమో, మెల్లగా నడిచి గోడ దగ్గరికొచ్చాడు. నడుమెత్తున, సరిగ్గా సంతకం ఉండే చోట అరచెయ్యి ఆనించి, మెల్లగా పక్కకి లాగాడు. అరచేతికి అంటిన సున్నం తిప్పి చూసుకున్నాడు.

"గరుకు కాగితం వేశావా?" అన్నాడు.

మేనేజరు ఫోనులో ఉన్నాడు. గుమ్మంలో అక్క చేతిలో మడత పెట్టిన దుప్పటి అలాగే ఆగింది.

"వేశానండి."

ఎమ్మెల్యే అతని వంక చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అందుకే భయమేసింది. రుమాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "సరే," అన్నాడు. కారెక్కి వెళ్ళిపోయాడు.

"తెలిసిపోయిందే అక్కా," అన్నాడు పెయింటరు.

"తెలిస్తే ఇక్కడే తిట్టేవాడుగా?"

"ఆయన తిట్టే మనిషైతే అయిదుసార్లు గెలిచేవాడా?"

ఆ రాత్రి ఇద్దరికీ కంటి మీద రెప్ప పడలేదు. బుధవారం తెల్లారింది. మేనేజరు ఇంకో పెయింటర్ని పంపుతాడేమోనని ప్రతి సైకిలు చప్పుడుకీ పెయింటరు వీధిలోకొచ్చాడు. ఎవరూ రాలేదు. పది గంటలకి ఎండ గోడ మీద పడింది. పన్నెండుకి గొడుగు కర్ర మీద వెంట్రుకంత పగులు వచ్చింది. రెండయ్యేసరికి ఆ కర్ర మీద సున్నం పెచ్చుగా లేచి కింద పడింది. తెల్లటి గోడలో వేలెడు నీలం గీత తేలింది.

"ఇవాళే రాలిపోయేట్టుందే! రేపటిదాకా ఆగాలి," అన్నాడు పెయింటరు.

అక్క చీపురు తెచ్చి పెచ్చులు ఎత్తింది. ఒక పెచ్చు అచ్చం గంట నాలుకలా వంపు తిరిగి ఉంది. దాన్ని వేళ్ళ మధ్య నలిపేసి, "ఎండ తగలకుండా చెయ్యాలి," అంది. మంచం దుప్పట్లు నాలుగు తడిపి, గోడకి అడ్డంగా తాడు కట్టి ఆరేసింది. మూడింటికి మేనేజరు బండి మీద వచ్చాడు.

"ఈ దుప్పట్లేంటి?"

"తడారితేనే కదయ్యా ఇస్త్రీ చేసేది. మీ పార్టీ ఆఫీసువే," అంది అక్క. నిజంగానే వాటిలో రెండు పార్టీ ఆఫీసువి. మేనేజరు ఒకదాన్ని అంచు పట్టి ఎత్తబోయాడు. "తడి చేతికి అంటుతుంది, ఫోన్లున్నాయి చేతిలో," అంది. అతను వదిలేశాడు. "రేపు తొమ్మిదింటికల్లా తీసెయ్యాలి," అని బండి తిప్పాడు. దర్జీ ఇదంతా చూస్తూ ఒక గుండీని మూడుసార్లు కుట్టాడు.

గురువారం తొమ్మిదింటికి అక్క దుప్పట్లు తీసేసింది. పెయింటరుకి ఆ వేళ వేరే పని చెప్పారు. ఊరేగింపు పోయే దారిలో బాణం గుర్తులు వెయ్యాలి. నేల మీద గుర్తులకి బకెట్టులో నీలం నీళ్ళ రంగు, స్తంభాల మీద గుర్తులకి డబ్బాలో నీలం నూనె రంగు. రెండూ పట్టుకుని, పని అయ్యాక కూడా గోడ పక్కనే నిలబడ్డాడు. గోడ మీద అక్కడక్కడా పగుళ్ళు, నిన్న తేలిన ఆ వేలెడు నీలం గీత. అంతకుమించి ఏమీ లేదు. తడి దుప్పట్లు మరీ ఎక్కువ కాపాడాయేమోనని అతనికి అనుమానం.

పదిన్నరకి డప్పులు వినిపించాయి. ముందు జెండాల కుర్రాళ్ళు, వెనక లౌడ్ స్పీకర్ల బండి. పెట్టెలు మనిషెత్తున ఉన్నాయి. ఆ మోతకి కొట్టు కిటికీ అద్దాలు గలగలలాడాయి. బల్ల మీద గ్లాసు అంచుదాకా జరిగితే అక్క పట్టుకుంది. దాని వెనక ఓపెన్ జీపులో దండలతో ఎమ్మెల్యే, పక్కన మేనేజరు, చుట్టూ కెమెరాలు.

స్పీకర్ల బండి సరిగ్గా గోడ ముందుకొచ్చింది. పాట మధ్యలో దద్దరిల్లే డప్పు దరువు ఒకటుంది. ఆ దరువుకి గోడ పై వరుసలో నిచ్చెన మెట్లు రాలాయి. తర్వాత పేరు, గొడుగు, గంట. జలజల రాలుతున్నాయి. గోడ మీద సున్నం కదల్లేదు, అక్షరాల మీదిది మాత్రమే ఒలిచినట్టు జారిపోయింది. చివర్న నడుమెత్తున ఉన్న మాట నిలువునా బయటపడింది, వెనక్కి వాలిన సంతకంతో సహా. కొత్త సున్నం మీద నీలం అక్షరాలు, రాసిన రోజు కూడా అంత బాగా కనిపించి ఉండవు.

డప్పులు ఆగిపోయాయి. ఎవరో ముందు వరుసలో పైకి చదివారు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. 'అయింది,' అనుకున్నాడు పెయింటరు. భయమేసింది, అందులో సగం సంతోషం.

ఎమ్మెల్యే మైకు తీసుకున్నాడు. తొందర లేదు. గోడ వంక తిరిగి, రెండు చేతులూ జోడించాడు.

"చూశారా!" అన్నాడు. గొంతు తడిగా ఉంది. "గిట్టనివాళ్ళు నా మాట మీద సున్నం కొట్టారు. సున్నం రాలింది. నా మాట రాలిందా?"

"లేదు!" అని జనం హోరెత్తారు.

"ఇది మా అక్క గోడ. ఈ అక్క నా మాటని ముప్పై ఏళ్ళు కడుపులో పెట్టుకుని కాపాడింది! ఒక్క గడప కూడా..." మిగతాది చప్పట్లలో కలిసిపోయింది. మేనేజరు అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి అందరికన్నా గట్టిగా కొడుతున్నాడు.

పెయింటరుకి అప్పుడర్థమైంది, మొన్న ఆ 'సరే' ఎందుకో. కావాలని రాలేట్టు వేసిన సున్నం ఆయన మెడలోనే పూలదండై పడింది. తన చేతులతో తనే కట్టి ఇచ్చాడు. ఏడుపొచ్చింది, సిగ్గుతో. జీపు కదలబోయింది.

"తమ్ముడూ!"

అక్క జీపు ముందు నిలబడి ఉంది. చేతికి ఇస్త్రీ గుడ్డ చుట్టుకునే ఉంది.

"అక్కా అన్నావు. అక్క ఒకటడిగితే కాదనవుగా?"

"అడగక్కా." మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"నీ మాటకి ముప్పై ఏళ్ళు నిండాయి. రేపు రోడ్డు వాళ్ళొచ్చి, పాత మాట చెల్లదంటే నేనేం చెప్పను? నీ సంతకం కింద ఇవాళ్టి తేదీ వెయ్యి. నీ చేత్తో."

"టైమైపోతోంది సార్, నామినేషన్..." అని మేనేజరు గొణిగాడు. అదీ మైకులో వినిపించింది. దర్జీ తన గుమ్మంలోంచి, "వెయ్యండి బాబూ, ఒక్క నిమిషం పని!" అని కేకేశాడు. వెనకాల పదహారు నంబరు గడప, ఇరవై నంబరు గడప అందుకున్నాయి. కెమెరా వాళ్ళు నేల మీద మోకాళ్ళేశారు.

ఎమ్మెల్యే నవ్వాడు. దిగాడు. పెయింటరు కుంచె అందించాడు. ఎమ్మెల్యే కుంచె పట్టుకుని బకెట్టు వంక, డబ్బా వంక చూశాడు. రెండింటిలోనూ నీలమే. వంగినప్పుడు నూనె రంగు వాసన తగిలినట్టుంది, ముక్కుపుటాలు కదిలాయి. కుంచె బకెట్టులో ముంచాడు.

లేస్తూ పెయింటరు కళ్ళలోకి చూశాడు. "నీలం నీలమేగా," అన్నాడు చిన్నగా, అతనికి మాత్రమే వినబడేట్టు.

తేదీ వేశాడు. నెల వేశాడు. సంవత్సరం వేశాడు. కలం పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. అంకెలు వెనక్కి వాలాయి, ఏడు మరీనూ. కెమెరాలు టపటపలాడాయి. తర్వాత డప్పులు మళ్ళీ మొదలై, జీపు మలుపు తిరిగి, కాసేపటికి చప్పుడు కూడా పోయింది.

వీధంతా గోడ ముందు గుమిగూడింది. అక్క మొహం వెలిగిపోతోంది. తమ్ముడి వైపు తిరిగింది. "నాకు కావాల్సింది వాడి ఓటమి కాదురా, గోడ. చూశావా!"

"అది నీళ్ళ రంగే అక్కా," అన్నాడు పెయింటరు.

ఆమెకి అర్థం కావడానికి పెద్దగా సమయం పట్టలేదు. ఇస్త్రీ గుడ్డ చేతికి బిగించుకుంది. "ఒక్క వానకి పోతుంది," అంది.

"తెలిసే ముంచాడు. నేను నేర్పిందే."

దర్జీ అద్దాలు తుడుచుకుని తేదీ వంక చూశాడు. "ఫొటోలు తీశారుగా అంతమంది? రేపు పేపర్లలో వస్తుంది."

"పేపరు మర్నాటికి పొట్లమవుతుంది," అంది అక్క.

పెయింటరు నూనె రంగు డబ్బా మూత తీశాడు. ఉన్నవాటిలోకెల్లా సన్నటి కుంచె ఏరి, మొన బిగించి చూసుకున్నాడు. గోడ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, మొదటి అంకె మీద కుంచె ఆనించాడు. ఎమ్మెల్యే చెయ్యి ఎక్కడ వణికిందో అక్కడ వణికించాడు. ఎక్కడ రంగు చాలక గీత చీలిందో అక్కడ చీల్చాడు. ముప్పై ఏళ్ళలో అతని చేతిలో ఒక్క గీత వంకర పోలేదు. ఇప్పుడు ఆ ఏడు అంకెని వెనక్కి వాల్చడానికి ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. దర్జీ ఎండ పడకుండా అతని మీదికి ఒక గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

సంవత్సరం పూర్తయ్యాక, సంచిలోంచి గరుకు కాగితం తీసి, పగుళ్ళ అంచులు రుద్దాడు. నీలం పొడి కొంచెం నేల మీద రాలింది.

అక్క వంగి, తేదీనీ పైనున్న సంతకాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఆ ఏడు మరీ వంకరగా వేశావేమోరా."

"నేను వెయ్యలేదక్కా," అన్నాడు పెయింటరు, డబ్బాకి మూత బిగిస్తూ. "ఆ వంకర ఆయనదే."